ఒకే పడుగులో హోజి గుడ్డ, పెళ్ళి చీర

ధర్మవరం రైలు హిందూపురంలో ఏడుంబావుకి. నేను ఆరున్నరకే స్టేషన్లో ఉన్నాను. మామూలుగానే కంగారు మనిషిని. ఆ శనివారం మాత్రం తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, స్టవ్ ఆపానో లేదో రెండుసార్లు చూసుకుని, ఆటోలో సగం దూరం వచ్చాక మళ్ళీ అనుమానం వచ్చి ఇంటికి ఫోన్ చేసి ఆయన్ని అడిగాను. ఆపే ఉందట. టికెట్టు బస్సు చార్జీలో సగం కూడా కాలేదు. ఒక చిత్రాన్నం పొట్లం కొనుక్కుని కిటికీ పక్కన కూర్చున్నాను. పొట్లం విప్పలేదు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. నాలుగేళ్ళుగా సాయంత్రాలు ఒక పాఠ్యపుస్తకం పెట్టుకుని ఫోన్లో జపనీస్ నేర్చుకుంటున్నాను. ఊళ్ళో ఆ భాష వచ్చినవాళ్ళు వేరే ఎవరూ లేకపోవడంతో నన్ను పండితురాలి కింద జమకట్టారు. నేను కూడా కాదనలేదు. బెంగుళూరులో కాపురం ఉంటున్న యూకో గారు ఒక చేనేత ప్రదర్శనలో ధర్మవరం రామలక్ష్మి నేసిన చీర చూసి, తనకు రెండు గజాల పట్టు గుడ్డ ఒకటి నేసి ఇమ్మని అడిగింది. ఆమె జపనీస్‌లో పంపే సందేశాలను తెలుగులో చెప్పమని రామలక్ష్మి కూతురు భవాని నాకు పంపేది. ఆ పిల్ల మా కాలేజీలోనే చదివింది.

గుడ్డ దేనికి అంటే యూకో గారు 'హోజి'కి అని రాసింది. పండుగలు, కర్మలు, వేడుకల మాటలన్నీ నేను ఒకే పాఠంలో నేర్చుకున్నాను. మత్సురి అంటే జాతర. కెక్కోన్‌షికి అంటే పెళ్ళి. సోషికి అంటే దహనం, తక్కిన అంత్యక్రియలు. షిచిగోసాన్ అంటే మూడు, అయిదు, ఏడేళ్ళ పిల్లల్ని ముస్తాబు చేసి గుడికి తీసుకెళ్ళడం. హోజి దగ్గర పుస్తకంలో బొమ్మ ఉంది. దీపాలు, పండ్లు, పూలు, మంత్రాలు చదువుతున్న గుండు పెద్దమనిషి, ఎదురుగా చాపల మీద చుట్టాలు. ఆ తర్వాత అందరికీ భోజనాలట. అచ్చం మన ఇంట్లో వ్రతంలా కనిపించింది. పక్కన పెన్సిలుతో 'ఇంట్లో పూజ' అని రాసుకున్నాను. భవానికి కూడా అదే చెప్పాను.

శుక్రవారం సాయంత్రం యూకో గారి దగ్గరి నుంచి నేరుగా నాకే ఇంకో సందేశం వచ్చింది. రేపు పదకొండింటికి కారులో ధర్మవరం వస్తాననీ, మాట సాయానికి నన్ను కూడా రమ్మనీ రాసింది. చివర్లో ఒక వాక్యం ఉంది. గతించిన మా అమ్మ ముప్పైమూడో హోజికి ఆ గుడ్డను ఇంట్లో ఆమె పీఠం మీద పరుస్తాను అని. చదివి చదివి చూశాను. హోజి పూజే, కాకపోతే పోయినవాళ్ళకు చేసేది. ఒక విధంగా మన సంవత్సరీకం.

రామలక్ష్మికి ఫోన్ చేశాను. నేను నోరు విప్పేలోపే ఆమె అందుకుంది. "మేడమ్, మీరు పూజకని చెప్తిరి గదా. మంచి గుడ్డతో మొదలు పెడ్తే మంచి జరుగుతాదని మా పాప పెండ్లి చీర కూడా ఆ పడుగులోనే నేసేసినా. ముందర ఆమె గుడ్డ, ఆ వెనకనే పాప చీర. రేపు వచ్చి చూడండి, ఎట్ల ఉండాదో."

పడుగు అంటే మగ్గానికి నిలువునా ఎక్కించే దారాల బారు. ఒకసారి ఎక్కిస్తే దాని మీద రెండు మూడు చీరలు నేస్తారు. ఎక్కించే రోజు కొబ్బరికాయ కొడతారు. ఆ దారాలు ఒక గుడ్డ నుంచి తర్వాతి గుడ్డలోకి తెగకుండా వస్తాయి, కోసేది అంతా అయ్యాకే. భవాని పెళ్ళి ఇంకా పది రోజులు. పోయినామె గుడ్డ, పెళ్ళికూతురి చీర ఒకే పడుగులో నేయించింది నేనే. ఫోన్లో చెప్పలేకపోయాను. రేపు వస్తానని పెట్టేశాను.

రైల్లో కూర్చుని నేను వేసుకున్న పథకం ఇదీ. పదిన్నరకల్లా రామలక్ష్మి ఇంటికి చేరుకోవాలి. యూకో గారు కారు దిగగానే పక్కకు పిలిచి, అమ్మ సంగతి ఎత్తొద్దని బతిమాలుకోవాలి. తెలుగు రాని మనిషి, జపనీస్ రాని ఇల్లు, మధ్యలో నేను. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సిగ్గుపడాల్సిన పథకమే. కానీ దాన్ని పట్టుకునే కూర్చున్నాను. భయమల్లా నేను ఆలస్యమైతే ఆమె ఫోన్ తీసి అనువాదం చేసే యాప్‌లో మాట్లాడుతుందేమోనని.

సోమందేపల్లి వైపు ఒకామె గంపెడు కనకాంబరాలతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఎవరి పెళ్ళికో పూలు తీసుకుపోతోంది. ఉండబట్టలేక, వేరే ఎవరికో జరిగినట్టుగా సంగతంతా చెప్పి ఏమంటావని అడిగాను. ఆమె గంప కింద పెట్టి మరీ ఆలోచించింది.

"మా ఇంట్లో అయితే కట్టనియ్యం మా. ఎవరు నేపించిరో గాని తెలిసి చేసింటారా?"

"తెలియకనే చేసిందంట."

"తెలియకుంటే అడగాల గదా," అందామె. తిరుగులేని మాట. చిత్రాన్నం పొట్లం ఆమెకే ఇచ్చేశాను.

ఎనిమిది దాటాక పెనుకొండ. ఎదురుగా కొండ, దాని మీద పాత కోట గోడలు ఎండలో తెల్లగా కనిపిస్తున్నాయి. ఇంకో రోజైతే దిగి చూసేదాన్ని. రైలు ఆగింది. కదలలేదు. ముందు పట్టాల పని జరుగుతోందన్నారు ఒకరు, గూడ్సుకి దారి ఇస్తున్నారన్నారు ఇంకొకరు. ఎనిమిదిన్నర, తొమ్మిది. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. తొమ్మిదింబావుకి దిగేసి ఆటోలో బస్టాండుకి పరుగెత్తాను.

"ధర్మవరం బస్సు ఇప్పుడే పాయ మేడమ్," అన్నాడు టీ కొట్టతను. "ఇంగొకటి వస్తాది, కూసో. టీ తాగు. నువ్వు పోయేదాకా ధర్మవరం యాడికీ పోదు."

ఇంకో బస్సు పది గంటలకు వచ్చింది. నేను ఎక్కిన ఎర్ర బస్సులన్నిటిలో అది నెమ్మదైనది. ప్రతి ఊళ్ళో ఆగింది, ఊరు లేని చోట కూడా ఆగింది. నా వెనకే రైలు కదిలి వెళ్ళిపోయి ఉంటుందని అనుమానం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట చెబుతున్నాను. పెనుకొండలో రైలు ఆగితే దిగకండి. ధర్మవరం బస్టాండులో దిగేసరికి పదకొండుంబావు. ఆటో అతనికి వీధి పేరు రెండుసార్లు తప్పు చెప్పాను.

రామలక్ష్మి ఇంటి ముందు తెల్ల కారు ఆగి ఉంది.

లోపల గుంట మగ్గం, పక్కన చాప. చాప మీద రెండు గుడ్డలూ మడతలు విప్పి ఉన్నాయి. రెండూ వంకాయ రంగే. రెండింటికీ అదే సన్నటి జరీ అంచు. ఒకటి రెండు గజాల గుడ్డ, ఇంకొకటి ఎర్ర కొంగు పెళ్ళి చీర. యూకో గారు అరవై దాటిన సన్నటి మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. ఫోన్ సంచిలోనే ఉంది. నేను వచ్చేదాకా ఏమీ మాట్లాడకూడదని అర్ధగంటగా నవ్వుతూ కూర్చుందట. ప్రాణం లేచివచ్చింది. ఆమెను పక్కకు పిలవడానికి మాత్రం సందు దొరకలేదు. రామలక్ష్మి, భవాని, మూలన మంచం మీద రామలక్ష్మి అత్త నాగమ్మవ్వ, అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

యూకో గారు గుడ్డను రెండు చేతులతో తడిమి ఏదో అంది. గుడ్డ తాను అనుకున్నదానికంటే బాగుందని. అది చెప్పాను. రామలక్ష్మి ముఖం వికసించింది. పసుపు గిన్నె తెచ్చి, కొత్త బట్ట ఇచ్చే ముందు అంచుకు పెట్టే పసుపు వేలికి తీసుకుంది.

"రెండింటికీ ఒకేసారి పెడ్తా," అంది. "అవునూ, ఏ దేవునికి మేడమ్ ఈ పూజ? అడగండి. మేము కూడా మొక్కుకుంటాం."

అడిగినట్టు నటించి ఏదో ఒక దేవుడి పేరు చెప్పేయొచ్చు. నాలుక మీదకు వచ్చింది కూడా. రామలక్ష్మి వేలు చీర అంచు మీదకు వంగుతోంది. పక్కన భవాని ఫోన్ పట్టుకుని ఫోటో తీయబోతోంది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే సరిపోయేది. కానీ ఈ పిల్ల తల మీద ముసుగేసుకుని ఆ చీరలో పీటల మీద కూర్చున్నప్పుడు నేను అక్షింతలు ఎలా వేయగలను?

"దేవునికి కాదు రామలక్ష్మీ," అన్నాను. "ఆమె తల్లికి. తల్లి పోయింది. ఏటికి చేసే కార్యం అది. నేనే తప్పు చెప్పాను మీకు. నిన్న సాయంత్రమే తెలిసింది నాకు."

రామలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకుంది. పసుపు వేలిని కొంగుకు తుడుచుకుంది. "నిన్ననే తెలిసిందా," అంది, నా వైపు చూడకుండా. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఏమైందని యూకో గారు అడిగింది. పడుగు సంగతి, పెళ్ళి సంగతి చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. ఇల్లు మైలలో ఉంటే వాళ్ళు కూడా పెళ్ళిళ్ళకు వెళ్ళరట. వెంటనే గుడ్డను మడిచి రామలక్ష్మి వైపు జరిపి, చాపకు నుదురు ఆనేలా వంగింది. ఈ గుడ్డ తీసుకోను, దయచేసి మన్నించండి అని. ఇప్పుడు ఆ గుడ్డ ఎవరికీ కానిదైంది.

అంతసేపూ మంచం మీద నుంచి చూస్తున్న నాగమ్మవ్వ అప్పుడు నోరు విప్పింది.

"ఏమ్మా, ఆమె తల్లి పోయి ఎన్నేండ్లాయ?"

అడిగాను. ముప్పై రెండు నిండాయి.

"ముప్పై రెండేండ్లా?" అవ్వ లేచి కూర్చుంది. "మొన్నో అటుమొన్నో పోయిందనుకుంటి. ముప్పై రెండేండ్లకు ఇంగేం అంటు ఉంటాది? ఆమె యానాడో పెద్దల్లో కలిసిపోయింటాది. పెండ్లికి ముందర పెద్దలకు గుడ్డలు పెట్టకుండా పందిరెవురేస్తారు? ముందర పెద్దలకు, ఆ వెనక పిల్లకు. మగ్గం మింద కూడా అట్లనే వచ్చె."

ఇది యూకో గారికి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. 'పెద్దల్లో కలవడం' అనే మాటకు నా దగ్గర జపనీస్ లేదు. చుట్టూ తిప్పి చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి విని, తొమురాయ్‌అగే అంది. నేను ఎన్నడూ వినని మాట. ముప్పైమూడోది ఆఖరి కార్యమట. దాని తర్వాత ఆ మనిషికి విడిగా ఏదీ చేయరు. వంశంలోని పూర్వీకులందరిలో ఒకరైపోతారు. తాను చేయబోయేది అదేనంది. అమ్మను అలా పంపించేయాలంటే ఏడాదిగా మనసు ఒప్పడం లేదనీ, అందుకే ఇంత మంచి గుడ్డ కోసం తిరిగాననీ అంటూ ఏడ్చింది. అది కూడా చెప్పాను. అనువాదం చేస్తూ ఏడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

అవ్వ మంచం దిగి వచ్చి తనే గుడ్డ అంచుకు పసుపు పెట్టి యూకో గారి చేతుల్లో పెట్టింది. రామలక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళి చీరను ఎవరూ ముట్టుకోలేదు.

రాగిసంగటి, పప్పు వడ్డించారు. రామలక్ష్మి అందరికీ కొసరి కొసరి పెట్టింది, నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. రెండు గంటలకు యూకో గారి కారు బెంగుళూరు వైపు వెళ్ళిపోయింది. నాలుగింటి రైలుకి భవాని నన్ను స్కూటీ మీద స్టేషన్లో దింపింది.

"చీర కట్టుకుంటావా?" అని అడిగాను.

"నాకైతే ఏం లేదు మేడమ్. అమ్మ చెప్పల్ల." స్కూటీ స్టాండు వేసింది. "మీరు చెప్పకుండా ఊరుకోవాలని చూసినారు గదా?"

"చూశాను."

"మీ మొగం చూస్తే తెలిసిపాయె," అని నవ్వి, రైలు వచ్చేదాకా నాతోనే ఉంది.

నాలుగుంబావుకి రైలు కదిలింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. అవ్వ ఒప్పుకుంది, సరే. కానీ పెళ్ళి చేసేది రామలక్ష్మి. రేపు ఆ ఇంట్లో ఏ చిన్న కీడు జరిగినా ఆ పడుగే గుర్తొస్తుంది, దాంతో నేను గుర్తొస్తాను. జపనీస్ మానేద్దామా అనుకున్నాను. మానేస్తే మాత్రం నేసిన గుడ్డ విడిపోతుందా? మీలో ఎవరైనా ధర్మవరంలో గుడ్డ నేయించుకుంటే, అది దేనికో మగ్గం ఎక్కకముందే తేటగా చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. నేను అనలేకపోయాను.

పెనుకొండ దాటాక ఫోన్ మోగింది. రామలక్ష్మి. ఎత్తడానికి భయపడి నాలుగు రింగులు చూశాను.

"మేడమ్, ఆమె తల్లి పేరేంది?"

"ఎందుకు రామలక్ష్మీ?"

"సోమవారం పెద్దలకు గుడ్డలు పెడ్తాండాం. పేర్లు చెప్పి గదా పెట్టేది. మా పడుగులో గుడ్డ ఆమెకు కూడా పోతాండాది. ఆమెను విడిచిపెట్టి మా వాళ్ళనే పిలిస్తే బాగుండదు. పాప ఆ చీర కట్టుకోవాలంటే ఆమె కూడా దీవించల్ల గదా."

నాకు తెలియదు. పొద్దుటి నుంచి ఆ తల్లి గురించి రెండు భాషల్లో అంత మాట్లాడి, పేరు అడగాలని తోచలేదు. అడిగి చెబుతానని ఫోన్ పెట్టేసి యూకో గారికి రాశాను, ఎందుకో కూడా రాశాను. హిందూపురం అయిదు నిమిషాలుందనగా జవాబు వచ్చింది. రెండే అక్షరాలు. రామలక్ష్మికి ఫోన్ చేశాను.

"హన," అన్నాను.

"హన," అని పలికి చూసుకుంది. మళ్ళీ ఒకసారి పలికింది. తర్వాత లోపలికి తిరిగి, అవ్వకు వినబడేలా గట్టిగా చెప్పింది.

"హనమ్మంట, అత్తా."