పెద్దమ్మ టికెట్టు దిద్దిన అయ్యవారు

నా ఇరవై ఆరో ఏట, ఆత్మకూరు స్కూలు స్టాఫురూములో కుర్చీలోంచి లేవకుండానే, ఒక పెద్దావిడను పసిఫిక్ సముద్రం అవతల పదిహేడు గంటలు దిక్కులు చూసేలా చేశాను. అంత దూరాన అంత నష్టం చేసినవాడు మా మండలంలో ఇంకొకడు ఉన్నాడని నేననుకోను.

ఆవిడ మా పెద్దమ్మ రత్నమ్మ, ఉదయగిరిలో నర్సు. ఒకప్పుడు ఆమెకు పని నేర్పిన అమెరికా డాక్టరమ్మ, శాన్‌ఫ్రాన్సిస్కోలో ముసలితనం గడుపుతూ, చూసిపొమ్మని టికెట్టు పంపింది. పక్కనున్న దుత్తలూరు వచ్చేసరికే బస్సులో వాంతి చేసుకునే మనిషి, ఆ టికెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చూడు నాయనా, లెక్కల అయ్యవారివి గదా."

చూశాను. టోక్యోలో పధ్నాలుగో తేదీ రాత్రి పదికి విమానం ఎక్కి, శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే పధ్నాలుగున మధ్యాహ్నం రెండుకు దిగాలట.

"ఎక్కకముందే దిగేదెట్లా పెద్దమ్మా? అచ్చుతప్పు."

"అంత పెద్ద కంపెనీ తప్పేస్తాదా?"

"మన కొశ్చన్ పేపర్లలో పడటంలా?"

స్కూలు గ్లోబు మీద దారం పెట్టి కొలిచాను. ఎనిమిది వేల మూడు వందల కిలోమీటర్లు, తొమ్మిది గంటల ప్రయాణం. అంటే పదిహేనో తేదీ ఉదయం ఏడు. టికెట్టు కవరు మీద ఎర్రసిరాతో దిద్ది, ఆ టైముకే రమ్మని డాక్టరమ్మకు టెలిగ్రాం కూడా కొట్టాను. నిండుకుండ తొణకదంటారు. సగం కుండనైన నేను అమెరికా దాకా తొణికాను.

పెద్దమ్మ మద్రాసులో విమానమెక్కిన మరునాడు, ఈ ఘనకార్యం సోషల్ అయ్యవారికి చెప్పుకున్నాను. ఆయన నన్ను అదోలా చూశాడు.

"ఏందిరా నువ్వు చేసింది? జపాన్ కంటే అమెరికాలో ఆ ఊరు పదిహేడు గంటలు వెనక. మధ్యలో తేదీ మారే గీత ఉండాది. టికెట్టు కరెక్టే."

కుర్చీలోంచి లేచి పోస్టాఫీసుకు పరుగెత్తాను. పుట్టినప్పటినుంచి నాకు రాని జబ్బది. మళ్ళీ టెలిగ్రాం కొడదామన్నా, ఫోను చేద్దామన్నా, డాక్టరమ్మ అడ్రసు, నంబరు ఉన్న కాగితం పెద్దమ్మ సంచిలోనే సముద్రం దాటుతోంది. 

నెల తర్వాత పెద్దమ్మ తిరిగొచ్చింది. తలవంచుకుని ఉదయగిరి వెళ్ళాను.

"విమానం ఆగింది, అందరూ దిగినారు. నేను దిగలా" అని మొదలుపెట్టింది. "శాన్‌ఫ్రాన్సిస్కో అన్నింది విమానంలో కాఫీలిచ్చే పిల్ల. కాదమ్మా, మా అయ్యవారు రేపు ఏడుకన్నాడు, ఇది మధ్యలో ఏదో ఊరన్నాను. నలుగురొచ్చి దించినారు. బయట కుర్చీలో కూర్చున్నా. పొద్దున ఏడుకి డాక్టరమ్మ వచ్చేసింది."

"తప్పు నాదే పెద్దమ్మా."

"నీదేం తప్పు? నువ్వు చెప్పిన టైముకే ఆమె వచ్చిందే. కంపెనీవోళ్ళే పదిహేడు గంటలు ముందు దించేసినారు."

అంటూనే కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"వచ్చేటప్పుడు ఇంకా అన్యాయం. శనివారం మధ్యాహ్నం ఎక్కితే, పదకొండు గంటల ప్రయాణానికే టోక్యోలో ఆదివారం సాయంత్రమన్నారు. నా ఆదివారం చర్చి ఆరాధన ఎవడు తిన్నాడో అడిగి ఒక జాబు రాయి. నీ మాటయితే వింటారు."

ఆ జాబు ఇంతవరకు రాయలేదు. ఆనాడే మనసులో ప్రమాణం చేసుకున్నాను. అప్పటినుంచి సీతారామపురం బస్సెప్పుడని ఎవరడిగినా, గంభీరంగా కండక్టరు వైపు చెయ్యి చూపిస్తాను.