మాస్టరు ఊపిరికి ఎంచిన పాట

సాయంత్రం ఆరింటికి సింగరాయకొండలో దిగాం. ఉక్కపోత. ఆకు కదలడం లేదు. మాది మగపెళ్ళివారి బ్యాండు, చిలకలూరిపేట నుంచి వచ్చాం. క్లారినెట్ ఊదేది బడిపంతులు, డ్రమ్ము కొట్టేది జిన్నింగు మిల్లు హమాలీ. అందరూ సరదాకి వచ్చేవాళ్ళే. ట్రంపెట్ నాది, పటాలంలో నేర్చుకున్నది. సరిహద్దులో చాలా డ్యూటీలు చేశాను గానీ, మీకు చెప్పాలనిపించేది ఈ ఒక్కటే.

ఆడపెళ్ళివారి బ్యాండుకి మాస్టరు ఎవరో నాకు ముందే తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను.

మా నాన్న బతుకంతా ఆయన బ్యాండులోనే డ్రమ్ము కొట్టాడు. నాన్న పోయినప్పుడు సెలవు మీద వచ్చి, పాడె ముందు ఒక్క పాట ఊదనివ్వమని మాస్టర్ని బతిమాలాను.

"ఇది బ్యాండురా, పరేడు కాదు. పక్కకి తప్పుకో" అన్నాడు, ఊరందరి ముందూ.

బూర చంకన పెట్టుకుని పాడె వెనక నడిచాను. ఆ మంట ఆరలేదు. నేను ఆరనివ్వలేదు కూడా.

బయల్దేరక ముందే, సాధనప్పుడు, పాటల దగ్గర పంతులుతో పేచీ వచ్చింది.

"కొత్త సినిమా పాటలు పెడదామండీ. కుర్రాళ్ళు ఎగరాలిగా!"

"ఎవడూ ఎగరక్కర్లేదు. మనం నిలబడితే చాలు."

సాగదీసే పాటలే ఎంచాను, మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు లేనివి. అన్నిటికన్నా కష్టమైంది ఒక పాత కీర్తన. మాస్టరు వయసు తెలుసు, ఆయన ఆయాసమూ తెలుసు. మావాళ్ళ చేత మిరప కల్లాల పక్కన సాధన చేయించాను. ఆ ఘాటులో ఊదినవాడు ఎక్కడైనా ఊదుతాడు.

"చంపుతున్నావు గదయ్యా!" అని హమాలీ దగ్గుతూ తిట్టాడు.

ఎదురుకోలులో రెండు బ్యాండ్లూ ఎదురెదురుగా నిలబడతాయి. ఒకరు ఎత్తుకున్న పాట రెండోవారు అందుకోవాలి. ఆగినవాడు ఓడినట్టే.

కీర్తన ఎత్తుకున్నాను. మాస్టరు నన్ను గుర్తుపట్టాడు. అయినా అందుకున్నాడు. మళ్ళీ ఎత్తాను, ఇంకా నెమ్మదిగా. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. మూడోసారి ఆయన బూర మూగబోయింది. జనం ఈలలు వేశారు.

"ఆపేద్దామండీ, పెద్దాయన" అన్నాడు పంతులు.

"ఊదు" అన్నాను.

తిరుగుదారిలో వ్యానంతా కేకలే. నాకూ హాయిగానే ఉంది, అబద్ధమెందుకు? ఆయన్ని క్షమించలేదు, క్షమించను కూడా. కానీ కళ్ళు మూసుకుంటే కనిపించేది ఒక్కటే. ఆ ఈలల మధ్య, చప్పుడు రాని బూరని పెదాలకి ఆనించుకుని, మాస్టరు మీటలు నొక్కుతూనే ఉన్నాడు. నా పాట ముగిసేదాకా, ఒక్క వేలూ తప్పలేదు.