చీటీలో రాని ఇల్లు

మొన్న ఫ్లాట్లు అమ్మే కుర్రాడొకడు వచ్చి, "మేం కట్టిన వాటిలో నూటికి ఒక్కటి కూడా కారదమ్మా" అన్నాడు. "ఎన్ని చూసి చెప్తున్నావు నాయనా?" అన్నాను. పాపం, చేతిలో కాగితాలు తిరగెయ్యడం మొదలుపెట్టాడు. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, మా ఆయనది.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. కొత్త రాష్ట్రం వచ్చిన ఉత్సాహంలో కంభం దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబాలకు అరవై మిద్దెలు కట్టించారు. మేస్త్రీ మా చిన్నాయన. మంచి మనిషే గానీ తన పని గురించి చెప్పేటప్పుడు గొంతూ మీసమూ కలిసి లేచేవి. ఆ ఏడు వానలకు ముందు ఒక ఇంటి దూలానికి చెద పట్టిందని గోల మొదలైంది. "నూటికి ఐదిండ్లు అట్ల ఉంటాయి. దానికింత రచ్చ ఏంది?" అన్నాడు చిన్నాయన.

మా ఆయన అప్పుడే సర్వే ఆఫీసులో చేరాడు. మాకు కొత్తగా పెళ్లయింది. "ఎన్ని చూసి చెప్తున్నావు మామా? సరే, నీ మాట నిజమనే అనుకుందాం. కండ్లు మూసుకోని పన్నెండు చీట్లు తీద్దాం. చెడ్డది ఒకటి రావచ్చు, ఖర్మ కాలితే రెండు. మూడొచ్చినాయంటే అది ఖర్మ కాదు, మాటే తప్పు" అన్నాడు. చిన్నాయన నవ్వి ఒప్పుకున్నాడు.

మజ్జిగ ముంతలో ఇంటి నంబర్లు వేసి చీట్లు తీసింది నేనే. గోతాలు కుట్టే దబ్బనంతో మా ఆయన దూలాలను పొడిచి చూశాడు. మొదటి నాలుగిళ్లలో మొన కూడా దిగలేదు. చిన్నాయన మీసం దువ్వాడు. ఐదో ఇంట్లో దబ్బనం వెన్నలోకి దిగినట్టు మొదలంటా దిగిపోయింది. పైనుంచి సన్నగా మట్టి రాలింది. ఆ దూలం కిందే ఉయ్యాలలో పసిబిడ్డ నిద్రపోతోంది.

పన్నెండూ అయ్యేసరికి చెడ్డవి ఐదు.

"నీ చీట్లకు కండ్లున్నాయా అల్లుడా? చెడ్డియే ఏరుకున్నాయి!" అని అరిచాడు చిన్నాయన.

"కండ్లు లేవు కాబట్టే నమ్మాల మామా."

చిన్నాయన అరుగు మీద కూలబడ్డాడు. కలప ఇచ్చినవాడు చూపించిన పై వరస దుంగలు మాత్రమే తను చూశానని మెల్లగా చెప్పాడు. తర్వాత లేచి, ఎవరూ అడగకుండానే ఇంటింటికీ తిరిగి మంచాలు బయట వేయించి, అందరినీ ఊళ్లో పాత బడిలోకి రమ్మన్నాడు. "చీటీ రాని ఇండ్లు బాగుండాయి కద నాయనా?" అని ఒక అవ్వ మొరాయించింది. "అది నాకు తెలీదు తల్లీ. తెలీకనే రమ్మంటున్నా" అని ఆమె మేకపిల్లలను తనే ఎత్తుకుని బడిలోకి నడిచాడు.

నాలుగో రోజు వాన కురిసింది. మధ్యాహ్నం బండలు దొర్లినట్టు చప్పుడైతే అందరం బడి వసారాలోకి పరుగెత్తాం. కూలింది అవ్వ ఇల్లు. దాని చీటీ ఇంకా ముంతలోనే ఉంది, మేం ఆ గడప కూడా తొక్కలేదు. అవ్వ ఏడవలేదు. చిన్నాయన చెయ్యి పట్టుకుని నిలబడింది, అంతే. ఏడ్చింది ఆయనే.

ఆ చెయ్యి పట్టుకున్న మనిషీ లేదు, ఏడ్చిన మనిషీ లేడు. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు గానీ, వాన చప్పుడు వినబడితే నా కళ్లు ఇప్పటికీ ముందు పైకప్పు మీదికే పోతాయి.