హెడ్డు మాస్టారి గరుకు పని

మా మామగారు చదివింది ఐదో తరగతి. అందరూ పిలిచేది మాత్రం హెడ్డు మాస్టారని. కారు ఇంజను పైభాగాన్ని హెడ్డు అంటారు. పాత కార్ల హెడ్డులు విప్పి, లోపల అరగదీసి, కొత్త కార్లను దాటిపోయేంత బలం తెప్పించడం ఆయన పని. అందుకే ఆ పేరు. మా వీధిలోకి కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆ పేరు విని నిజం అనుకుని తలుపు తట్టాడు.

"మావాణ్ణి మీ దగ్గర చేర్పించాలండీ."

"ఏ మోడలు?" అన్నారు మామగారు.

ఆయన తికమకపడి కొడుకు పుట్టిన సంవత్సరం చెప్పాడు.

"పొగేమైనా వదులుతున్నాడా?"

ఆ పెద్దమనిషి ఇప్పటికీ మా గుమ్మం ముందు తల వంచుకునే వెళ్తాడు.

ఆయన పనిచేసే షెడ్డు మా వంటింటిని ఆనుకునే ఉంటుంది. మధ్యలో ఒక్క తలుపు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇనుము అరగదీసే గ్రైండరు రొదకు తల పగిలిపోయేది. తర్వాత తర్వాత అది ఆగితేనే ఏదో తోచనట్టు ఉండేది. కిటికీ గట్టు మీద రోజుకు రెండుసార్లు ఇనుప రజను తుడిచేదాన్ని.

"బలం పెట్రోలు పోస్తే రాదమ్మాయ్. ఊపిరి ఆడితే వస్తుంది," అని మామగారు ఒకసారి నాకు విడమరిచి చెప్పారు. హెడ్డులో గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వచ్చే దారులు నాలుగు, పొగ బయటికి పోయే దారులు నాలుగు. కంపెనీవాళ్ళు పోతపోసినప్పుడు అవి ఇరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. వాటిని లోపలి నుంచి అరగదీసి వెడల్పు చేయాలి. ఆ దారుల గోడ వెనకాలే ఇంజనును చల్లబరిచే నీళ్ళు తిరిగే గది. వెంట్రుకవాసి ఎక్కువ గీకితే గోడకు చిల్లు పడుతుంది, హెడ్డు పాత ఇనుము తూకానికి పోతుంది. అందుకే కాసేపు గ్రైండరు తిప్పడం, ఆపి చిటికెనవేలు పెట్టి తడమడం, మళ్ళీ తిప్పడం. నాలుగు దారులూ ఒక్క పోలికలో రావాలి. లేదంటే ఇంజను కుంటుతుంది.

మా ఆయన కూడా ఆ పనే నేర్చుకున్నారు, తండ్రి దగ్గరే. ఇద్దరికీ ఒక్క విషయంలోనే చుక్కెదురు. దారి లోపల అద్దంలా మెరవాలి, టార్చి వేస్తే ముఖం కనిపించాలి అని మామగారు. పొగ దారులు ఎలా ఉన్నా సరే, గాలి దారులు మాత్రం కాస్త గరుకుగా వదలాలని మా ఆయన. అన్నాల దగ్గర కూడా అదే గొడవ. ఓ రోజు మా ఆయన ఖాళీ స్టీలు పళ్ళెం మీద నీళ్ళు చిలకరించారు.

"చూడు నాన్నా, నున్నటిదాని మీద ఎలా బొట్లు కడుతున్నాయో. పెట్రోలూ అంతే. గరుకు ఉంటే గాలి పొర్లుకుంటూ దాన్ని చెదరగొట్టి తీసుకుపోతుంది."

"పళ్ళెం పెట్టింది తినడానికిరా."

"ఓడిపోయినప్పుడల్లా నీకు తిండి గుర్తొస్తుంది."

"నువ్వు పుట్టకముందు నుంచి అద్దాలు తీస్తున్నాను. ఒక్క కారైనా వెనక్కి వచ్చిందా?"

"వెనక్కి రావడానికి ఓపికుండాలిగా. దారిలోనే ఆగుంటాయి."

నవ్వు ఆపుకోలేక నేను మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

పోయిన ఏడాది పళ్ళ డాక్టరమ్మ హెడ్డు వచ్చింది. ఆవిడకు వాళ్ళ నాన్న ఇచ్చిన పాత కారు ఒకటుంది. దాన్ని వేసుకుని కొండ ఎక్కే పందేలకు వెళ్తుంది. "ఈసారి నా పద్ధతిలో చేస్తాను. నువ్వు వేలు పెట్టకు," అన్నారు మా ఆయన. "చెయ్యి చెయ్యి, చూస్తాగా," అన్నారు మామగారు. పొగ దారులు నాలుగూ అయ్యాయి. గాలి దారులు రెండయ్యాయి. మూడోదాని దగ్గర ఒళ్ళు వెచ్చబడిందని పని ఆపి వచ్చి పడుకున్నారు. నాలుగు రోజుల జ్వరం ఆయన్ని తీసుకుపోయింది. ఆసుపత్రి నుంచి నేను ఒక్కదాన్నే నడిచి వచ్చాను.

ఆ తర్వాత మామగారు షెడ్డులో అడుగు పెట్టలేదు. వసారాలో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చునేవారు. నేను హెడ్డు మీద గుడ్డ కప్పాను. అప్పుడప్పుడు ఆ గుడ్డ ఎత్తి, ఆ రెండు దారుల్లోనూ వేలు పెట్టి చూసేదాన్ని. అంతకుముందు మా ఆయన చేసినవన్నీ తండ్రి చెప్పినట్టు చేసినవి. ఎవరెవరి కార్లలోనో తిరుగుతున్నాయి. సొంత బుద్ధితో చేసినవి ఈ రెండే.

ఐదు నెలలు ఊరుకుని డాక్టరమ్మ వచ్చింది. మామగారి ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడించినా ఆయన పలకలేదు.

"మాస్టారూ, నా దగ్గరికొచ్చినవాళ్ళంతా నోరు తెరుస్తారు. మీరొక్కరే తెరవట్లేదు."

మామగారి పెదవి కొంచెం కదిలింది.

"పందెం ఎప్పుడమ్మా?"

"మూడు వారాలుంది. మీకు ఓపిక లేకపోతే చెప్పండి. ఇంకెక్కడైనా..."

"ఇంకొకళ్ళ చెయ్యి పడనివ్వను. నేనే ఇస్తాను."

ఆవిడ వెళ్ళాక నేను లెక్క వేసుకున్నాను. గాలి దారులు నాలుగూ ఒక్క పోలికలో ఉండాలి. మామగారికి వచ్చింది అద్దం పని. అంటే మా ఆయన చేసిన రెండూ కూడా అద్దాలవుతాయి. ఆ చేతి జాడ రజనై నేల మీద పడుతుంది, నేనే ఊడ్చి పోస్తాను.

మర్నాడు పొద్దున మూడో దారి, నాలుగో దారి వెడల్పు చేయడం వంటింట్లోంచే విన్నాను. గ్రైండరు ఆగింది. మామగారు చీల్చిన పుల్లకు నునుపు చేసే సన్న ఎమ్రీ కాగితం చుట్టడం తలుపు సందులోంచి కనిపించింది. ఆ పుల్ల నేరుగా మొదటి దారి దగ్గరకు వెళ్ళింది. పొయ్యి ఆపి తలుపు తోశాను. షెడ్డు పనిలో నేనెప్పుడూ మాట కలిపినదాన్ని కాదు.

"మామయ్యా, ఆ రెండూ ముట్టుకోకండి."

ఆయన పుల్ల ఆపారు. తల ఎత్తలేదు.

"ఇది పని అమ్మా. పటం కట్టి గోడకు తగిలించుకునేది కాదు."

"పటం కట్టమనడం లేదు. వీటిని వాటిలా చేయకండి, వాటిని వీటిలా చేయండి అంటున్నాను."

ఏవి వీటిలో, ఏవి వాటిలో నాకే తెలియకుండా చేతులు తిప్పాను. ఆయనకు అర్థమైంది.

"నాకు రాదే తల్లీ," అన్నారు. "నలభై ఏళ్ళు నునుపు చేసిన చెయ్యి. గరుకు దగ్గర ఆగమంటే ఎలా ఆగుతుంది?"

అయినా ముతక కాగితం తీసుకున్నారు. మూడో దారిలో ఆడించి, "చూడు" అన్నారు. మొదటి దాంట్లో వేలు పెట్టాను, తర్వాత మూడోదాంట్లో.

"ఇది జారుతోంది మామయ్యా. ఇది మీదే."

మళ్ళీ గీకారు. మళ్ళీ జారింది. మూడోసారి కూడా అంతే. ఆయన టార్చి వేసి దారి గోడ చూసుకుని పుల్ల కింద పెట్టేశారు. "ఇంకొక్కసారికి మించి గోడ ఆగదు. అవతల నీళ్ళు."

నేను టార్చి అందుకుని మా ఆయన చేసిన దారిలోకి చూశాను. సన్నని గీతలు. అన్నీ ఒక వాలుగా ఉన్నాయి. మామగారు గీసినవి వాటికి ఎదురు వాలులో ఉన్నాయి. అప్పుడు తట్టింది. మా ఆయనది పుర్రచెయ్యి.

"మామయ్యా, ఎడమ చేత్తో పట్టుకోండి."

ఆయన నా ముఖం చూశారు. పుల్లను ఎడమ చేతిలోకి మార్చుకున్నారు. ఆ చెయ్యి తడబడింది. దానికి ఏ విద్యా తెలియదు, నునుపు చేయడం అసలే తెలియదు. ఏదో రాయడం నేర్చుకుంటున్నట్టు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కష్టపడ్డారు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఆపాక వేలు పెట్టాను. కళ్ళు మూసుకుని మొదటిదాంట్లో పెట్టాను, మళ్ళీ దీంట్లో పెట్టాను. ఏది ఏదో తెలియలేదు.

నేను కళ్ళు తుడుచుకునేలోపు ఆయన పుల్లకు కొత్త కాగితం చుట్టుకున్నారు. నాలుగోది కూడా ఎడమ చేత్తోనే చేశారు.

హెడ్డు బిగించాక డాక్టరమ్మ మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చివర ఎత్తు మీదికి తీసుకెళ్ళింది. గంటకు తిరిగొచ్చారు. ఆవిడ కారు దిగి, "కింది నుంచే లాగేస్తోంది! ఇదివరకు సగం ఎత్తు దాటాక గానీ ఊపు వచ్చేది కాదు," అని నా చేతులు పట్టుకుంది. మామగారు లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కున్నారు.

అన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి అన్నారు, "గాలి దారుల విషయంలో వాడిదే నిజం. ఒప్పుకుంటాను."

నేను వడ్డించడం ఆపాను.

"పొగ దారులు మాత్రం అద్దంలా ఉండాల్సిందే. డాక్టరమ్మ హెడ్డులో అవి చాలా నాసిగా వదిలేశాడు. ఆ విషయంలో నేను తగ్గేది లేదు."

"ఆయన మాత్రం తగ్గుతారా ఏమిటి?" అన్నాను.

"ఎందుకు తగ్గుతాడు? అంతా వాళ్ళమ్మ మొండితనమే," అని విసుక్కుంటూ ఇంకాస్త అన్నం పెట్టమని పళ్ళెం ముందుకు జరిపారు.