ముప్ఫై రెండు కొండల దేశంలో పడవావిడ

వీధిలో అందరూ ఆమెను పళ్ళావిడ అంటారు. పళ్ళు బాగుంటాయని కాదు, పళ్ళు చేస్తుందని. డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపితే, వాటికి ప్లాస్టరు అచ్చులు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఆమెది ఇరవై ఏళ్ళ సర్వీసు. మనుషుల ముఖాలు ఆమెకు గుర్తుండవు, దవడలు గుర్తుంటాయి. పెళ్ళిలో ఎవరైనా పలకరిస్తే ముందు నోట్లోకి చూసి, ఆ తర్వాతే "బాగున్నారా?" అంటుంది.

ఆమెకొక ఆట ఉంది, ఒంటరిగా ఆడేది. బల్ల, నోటుపుస్తకం, పెన్సిలు, పాచిక. అంతే సరంజామా. ఒక మనిషిని ఊహించుకుని ఒక లోకంలో వదిలిపెట్టాలి. దారిలో సందేహం వచ్చినప్పుడల్లా ప్రశ్న అడిగి పాచిక వెయ్యాలి. తలుపుకి తాళం ఉందా? లోపల ఎవరైనా ఉన్నారా? పాచిక చెప్పిన జవాబును బట్టి కథ ముందుకు పోతుంది. ఎదుట ఎవరూ ఉండరు, గెలుపూ ఉండదు. ఇలాంటివి ఏకాగ్రతను పెంచుతాయనీ ఒత్తిడిని తగ్గిస్తాయనీ చెప్పేవాళ్ళకు కొదవలేదు. ఆమెకు ఏకాగ్రత అవసరానికి మించే ఉంది. ఒత్తిడి సంగతి ల్యాబులో ప్రెస్సు మిషను చూసుకుంటుంది. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని ఆడుతుంది, అంతే. ఇంకో కారణం చెప్పమంటే విసుక్కుంటుంది.

ఆట ఆమె చేతికి రావడమే ఒక పొరపాటు. పాత పుస్తకాల దుకాణంలో అట్ట మీద చిన్న సీసపు బొమ్మ ఉన్న పుస్తకమొకటి కనిపిస్తే, అచ్చులు పోసే విద్య గురించి కాబోలనుకుని తెచ్చుకుంది. తెరిస్తే కోటలు, డ్రాగన్లు, కత్తులు. "వీళ్ళు అచ్చు ఎప్పుడు పోస్తారు?" అనుకుంటూ నలభై పేజీలు చదివింది. నలభై ఒకటో పేజీలో నియమాలు మొదలయ్యాయి. నియమాలంటే ఆమె పడి చస్తుంది. ఆ సాయంత్రం కూర మాడింది.

నియమాలు నచ్చాయిగానీ లోకం నచ్చలేదు. కోట అనగానే ఆమె కళ్ళ ముందు ఏమీ కనిపించదు. ఆమెకు క్షుణ్ణంగా తెలిసిన భూగోళం నోరొక్కటే. అందుకని కోటలన్నిటినీ కొట్టేసి, ఒక మహాకాయుడి నోటినే దేశం చేసేసింది. ముప్ఫై రెండు కొండలు. కొండల్లో పుప్పి గుహలు, గుహల్లో జనం. నడుమ ఎర్రటి మైదానం, దానికి తోచినప్పుడల్లా కదులుతుంది. దాని అడుగున సరస్సు. రోజుకు రెండుసార్లు తెల్ల తుఫాను. తాము ఉన్నది ఒకడి నోట్లో అని అక్కడివాళ్ళెవరికీ తెలియదు. ఆ సరస్సు మీద పడవ నడిపే ఒక మధ్యవయసు మనిషి, పడవావిడ, ఆమె ఆటలో కథానాయిక. కత్తి లేదు, మంత్రాల్లేవు. తెడ్డు, నోరు, మొండితనం ఉన్నాయి.

జవాబులనూ మార్చుకుంది. పుస్తకంలో అవును, కాదు అనే రెండు ముక్కలకే అటూ ఇటూ తోకలు తగిలించి పెట్టారు. అలా ఎవరు మాట్లాడతారు? ఆమె తన చుట్టూ వినిపించే మాటలనే వరసగా రాసుకుంది. ఒకటి పడితే ససేమిరా. రెండు, కుదరదు. మూడు, చూద్దాం. నాలుగు, సరేగానీ. అయిదు, సరే. ఆరు, భేషుగ్గా. వీటిలో నాలుగు ఆమెకు మహా ఇష్టం. "సరేగానీ" అన్నాక వచ్చే వాక్యంలోనే ప్రపంచంలోని కష్టాలన్నీ ఉంటాయని ఇరవై ఏళ్ళుగా డాక్టర్లతో ఫోన్లో మాట్లాడుతున్న ఆమెకు తెలుసు.

పాచిక కూడా తను చేసుకున్నదే. కట్టుడు పళ్ళకు చిగుళ్ళు చేసే గులాబీరంగు పదార్థాన్ని ఒక సాయంత్రం ల్యాబులో అచ్చులో నొక్కి, వేడినీళ్ళలో ఉడికించి, నున్నగా సానపట్టి, చుక్కలు తొలిచింది.

ఒక్క నియమం దగ్గర మాత్రం పుస్తకం మీద ఆమెకు ఒళ్ళు మండింది. అందులో మనిషి చావుదెబ్బ తింటే స్పృహ తప్పి, మర్నాడు సత్రంలో మెత్తటి పరుపు మీద కళ్ళు తెరుస్తాడు. ఇదేం బుజ్జగింపు! నోటుపుస్తకం మొదటి పేజీలో ఇంకుపెన్నుతో రాసుకుంది: మూడు గాయాల దాకా ఫరవాలేదు. నాలుగో గాయానికి ఒక్క పాచిక. మూడు, లేదా అంతకు తక్కువ పడితే చావు. చచ్చినవాళ్ళ వివరాలూ గాయాలూ రాసుకున్న కాగితం చింపెయ్యాలి. మళ్ళీ రావడం లేదు.

ఏడాదిన్నర ఎవరికీ తెలియకుండా, ల్యాబులో మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన సాగింది. ఒక రోజు ఆమె నోటుపుస్తకం ఇంట్లో మరిచిపోయి వెళ్తే, అత్తగారు కళ్ళజోడు వెతుక్కుంటూ దాన్ని తెరిచింది.

అత్తగారు ముప్ఫై ఐదేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి హెడ్‌నర్సుగా రిటైరైన మనిషి. కన్నకొడుకుతో సహా అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. కోడలు ల్యాబు నుంచి వచ్చేసరికి సిస్టరమ్మ వంటింటి బల్ల దగ్గర ముప్ఫయ్యో పేజీలో ఉంది.

"ఏమ్మా, కొండలు ముప్ఫై రెండే అన్నావు. ఇక్కడ నలభై ఆరో కొండ ఎక్కడ్నుంచి ఊడిపడింది?"

దొరికిపోయినందుకు సిగ్గుపడాలా, ప్రశ్న బాగున్నందుకు సంతోషించాలా తేలక కోడలు చెప్పులతోనే నిలబడిపోయింది. "అది లెక్క కాదత్తయ్యా, చిరునామా. నోటిని నాలుగు వాటాలు చేస్తాం. నాలుగో వాటాలో ఆరో పన్ను. నాలుగూ ఆరూ."

"ఓహో. మరి ఈ తెల్ల తుఫాను?"

"బ్రష్షు."

"రోజుకు రెండుసార్లా? ఆ నోటివాడెవడోగానీ బుద్ధిమంతుడు. నా కొడుకు ఒక్కసారికే ఏడుస్తాడు."

స్కూలు బస్సు నడిపి అప్పుడే ఇంటికొచ్చిన కొడుకు, "నన్ను మధ్యలోకి లాగకండి," అని లోపలికి పోయాడు.

ఆనాటి నుంచి సిస్టరమ్మ ఆటను వెక్కిరించడం మొదలుపెట్టింది. రోజూ వెక్కిరించాలంటే రోజూ వినక తప్పదు. "ఏం చేసిందిటమ్మా నీ పడవది?" అని తీసిపారేసినట్టే అడిగేది, జవాబు పూర్తయ్యే దాకా కదిలేది కాదు. గాయాల దగ్గర మాత్రం ఊరుకునేది కాదు. "చేపముల్లు గుచ్చుకుంటే దాన్ని గాయం కింద రాస్తావా? అది డ్రెస్సింగు కేసు. కొట్టెయ్." కోడలు కొట్టెయ్యలేదు. అలా మొదటి గాయం చేపముల్లు, రెండోది పంచదార వరద, మూడోది ఎగిరొచ్చి తగిలిన తెడ్డు.

నాలుగోది ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మూడో వాటాలో ఆరో కొండ కదులుతోంది. బయట పళ్ళ డాక్టరు దాన్ని పీకేస్తాడని పడవావిడకు తెలియదు, గుహలో ఒక కుటుంబం చిక్కుకుందని మాత్రం తెలుసు. వాళ్ళను ఎక్కించుకుని సరస్సు దాటుతుంటే మహాకాయుడు ఆవలించాడు. కుటుంబం ఒడ్డుకు చేరిందా? కోడలు పాచిక వేసింది. నాలుగు. సరేగానీ. వాళ్ళు చేరారు, పడవ కొండకు కొట్టుకుని ముక్కలైంది, తెడ్డుపట్టిన మనిషి నీళ్ళలో పడింది. కోడలు పెన్సిలుతో నాలుగో గీత గీసింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సిస్టరమ్మ చెయ్యి ఆగింది. "ఇప్పుడేంటి?"

"ఒక్క పాచిక. నాలుగు, ఆపైన పడితే బతుకుతుంది."

"పడకపోతే?"

"కాగితం చింపేస్తాను."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"నేనే."

"మరి నువ్వే తీసెయ్. పెట్టినదానివి తియ్యలేవా? ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తున్నానుగా అత్తయ్యా. ఇక్కడే కూర్చుని ఉన్నాను."

సిస్టరమ్మ పళ్ళెం పక్కన పెట్టేసింది. వాదనకు దిగేముందు రికార్డు తిరగెయ్యడం ఆమెకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. కోడలు ప్రతి పాచికనూ పేజీ అంచున రాసిపెడుతుంది. సిస్టరమ్మ మొదటి పేజీ నుంచీ వేలు పెట్టి లెక్క చూసింది. అరగంట పట్టింది. ఆఖరికి కోర్టులో సాక్ష్యం ప్రవేశపెట్టినట్టు నోటుపుస్తకాన్ని కోడలి ముందుకు తోసింది.

"రెండొందల పన్నెండు సార్లు వేశావు. అందులో ఎనభై ఒకటి ఆర్లు. చూశావా దాని అదృష్టం? ఇంత జాతకం ఉన్న మనిషిని చంపడానికి నీకు చేతులెలా వస్తాయి?"

కోడలు ఆ అంకెలను చూసింది. మళ్ళీ చూసింది. అన్నిసార్లు వేస్తే ఆర్లు ముప్ఫై అయిదుకి కాస్త అటూ ఇటూగా ఉండాలి. ఇన్నాళ్ళూ పడవావిడ సమర్థురాలు కాబట్టి గట్టెక్కుతోందని అనుకుంది తను. లేచి గాజుగ్లాసులో నీళ్ళు పోసి, కరిగినంత ఉప్పు కరిగించి, గులాబీరంగు పాచికను వదిలింది. అది తేలింది. నెమ్మదిగా దొర్లి, ఆరు చుక్కలు పైకి పెట్టి నిలిచింది. వేలితో తిప్పింది. మళ్ళీ ఆరు. మూడోసారీ ఆరే.

"బుడగ," అంది కోడలు. "లోపల గాలిబుడగ. ఆ రోజు ఇంటికి రావాలని తొందరపడి నీళ్ళు మరిగించేశాను. ఆరు వైపు తేలిక." చెవులు ఎర్రబడ్డాయి. పేషెంటు సెట్టులో బుడగ వస్తే ఆ రోజంతా అన్నం సయించని మనిషి ఆమె.

తన సాక్ష్యం తన కక్షిదారు మెడకే చుట్టుకుందని సిస్టరమ్మకు అప్పుడు వెలిగింది. "అయితే ఏమైందిటా? ఆ దేశం పుట్టిందే ఆ పాచికతో! అక్కడి గాలీ నీళ్ళూ అంతే! ఇరవై నెలలు లేని నిజాయితీ ఇవాళే పుట్టుకొచ్చిందా నీకు?"

"నిజాయితీ కాదు అత్తయ్యా. ఏం పడుతుందో తెలిసిపోయాక ఇంక వెయ్యడం ఎందుకు? నేనే 'బతికింది' అని రాసుకోవచ్చుగా."

"రాసుకో! అదే కదమ్మా నేను మొత్తుకునేది!"

కోడలు అటక మీది నుంచి పాములూ నిచ్చెనల పెట్టె దింపి, అందులోని తెల్ల పాచికనూ ఉప్పునీళ్ళలో వేసింది. అది ఒకసారి రెండు చూపించింది, ఒకసారి అయిదు, ఒకసారి ఒకటి. సిస్టరమ్మ ముఖం తిప్పుకుంది, కానీ గదిలోంచి కదల్లేదు. ఇరవై నెలలు రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన తోడు కూర్చున్న మనిషి. కోడలు తెల్ల పాచిక తుడిచి, గుప్పిట్లో ఆడించి, వేసింది.

రెండు. కుదరదు.

కోడలు పడవావిడ కాగితాన్ని నోటుపుస్తకంలోంచి జాగ్రత్తగా ఊడదీసి, నిలువునా చింపి, చెత్తబుట్టలో వేసింది. ముక్కు ఎగబీల్చి, చిక్కుడుకాయల పళ్ళెం తన ముందుకు లాక్కుంది.

"నా వార్డులో అయితే పోయేది కాదు," అంది సిస్టరమ్మ, లేచి వెళ్ళిపోతూ.

మూడు రోజులు అత్తాకోడళ్ళకు మాటల్లేవు. టీ అయిందన్న సంగతి సిస్టరమ్మ గోడకు చెప్పేది. కొడుకు అటు తిరిగి, "అమ్మ టీ అంటోంది," ఇటు తిరిగి, "వస్తానంటోంది," అని బస్సు హారన్‌లా రెండు వైపులా మోగుతూ గడిపాడు. కోడలు ల్యాబులో మధ్యాహ్నం డబ్బా తెరిచి, తెల్లకాగితం ముందు పెట్టుకుని, కొత్త మనిషి కోసం ఆలోచించేది. ఎవరూ వచ్చేవాళ్ళు కారు. వేసిన పాచిక తప్పని ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. బాధగా ఉందంతే. ఈ రెండూ ఒకేసారి ఉండకూడదని ఏ నియమంలోనూ లేదు.

బుధవారం ఆమె ఇంటికొచ్చేసరికి సిస్టరమ్మ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు పాత వార్డు రిపోర్టు పుస్తకం, ఎర్రగీతల గళ్ళది. పక్కన గులాబీరంగు పాచిక.

"ఆ పాచిక ఎందుకు తీశారు?"

"నువ్వు పారేశావుగా. నేను ఏరుకున్నాను." మూడు రోజుల తర్వాత అదే తొలి మాట.

కోడలు మెడ సాచి చూసింది. గుండ్రటి అక్షరాలు: పేషెంటు, ఆడ, వయసు సుమారు నలభై అయిదు, నీటమునక, ఒళ్ళంతా దెబ్బలు. మూడో వాటా ఒడ్డున చేర్చుకోవడమైనది. నాడి బలహీనం.

"అత్తయ్యా! ఈమె పోయింది!"

"నీ పుస్తకంలో పోయింది. నువ్వు చింపింది కాగితం. మనిషి కొట్టుకొచ్చి నా ఒడ్డున పడింది."

"అలా కుదరదు, రూలు..."

"ఏ రూలు? ఇది ఒంటిగా ఆడే ఆట, ఎవరి బల్ల మీద వాళ్ళ రూలు అని నువ్వే కదమ్మా చెప్పావు? నా రూలు మొదటి పేజీలో రాసుకున్నాను, చూసుకో." చూసింది. అక్కడ ఒక్కటే వాక్యం ఉంది: డ్యూటీలో సిస్టరు ఉండగా ఎవరూ పోరాదు. కింద సంతకం, తేదీ. జవాబుల పట్టికనూ మార్చేసింది. ఒకటికి జ్వరం, రెండుకి వాంతులు, అలా పైకి పోతూ ఆరు దగ్గర, లేచి కూర్చుని గంజి అడిగింది.

"ఇందులో ఓడిపోవడమే లేదు. ఇదేం ఆట?" అంది కోడలు.

"ముప్ఫై ఐదేళ్ళు ఓడిపోయే ఆటే ఆడానమ్మా. ఇది నా రిటైర్మెంటు."

కోడలు వంటింటి గట్టు దగ్గరికి పోయింది. కాసేపు అటూ ఇటూ సర్దింది, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది. ఇక ఆగలేకపోయింది.

"ఇంతకీ... ఎలా ఉంది?"

సిస్టరమ్మ రిపోర్టు పుస్తకం టప్పున మూసి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీరు పేషెంటుకి ఏమవుతారు?"

"అత్తయ్యా!"

"విజిటింగ్ అవర్స్ ఆరింటి నుంచి ఏడింటి దాకా. బయట కూర్చోండి."

ఆరు కావడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది. కోడలు గొణుక్కుంటూనే కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మం బయట వేసుకుని కూర్చుంది. లోపల పాచిక దొర్లిన చప్పుడు, ఆ వెంటనే పెన్ను గీరిన చప్పుడు. కొడుకు బస్సు తాళాలు ఊపుకుంటూ వచ్చి, గుమ్మంలో భార్యను చూసి, ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసుకున్నాడు.

"ఎవరికి బాగోలేదు?" అన్నాడు గొంతు తగ్గించి.