కాలువకు మొదటి ఇల్లు

1955. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల పాలన చేతులు మారి ఏడాది తిరగలేదు. సముద్రపు ఒడ్డుకు రెండు వీధుల ఇవతల ఉన్న ఆఫీసులో నేను ట్రాన్స్‌లేటర్ని. యానాం నుంచి కొత్తగా వచ్చాను. పాత ఫ్రెంచి కాగితాలను కొత్త అధికారుల కోసం ఇంగ్లీషులోకి మార్చడం నా పని. ఆ పనిలో నా అంతవాడు లేడని నా నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం పెద్దగా తగ్గలేదు, అది వేరే సంగతి.

‘మొదటి’ అన్న మాట రోజుకు పదిసార్లు తగిలేది. ఫ్రెంచివాళ్లు గుమాస్తాల్లో కూడా మొదటివాడు, రెండోవాడు అని వరస పెట్టేవారు. మనకైతే ఎన్ని మాటలో! బడిలో ప్రథముడు, సభలో అగ్రాసనం, ఆఫీసులో ప్రధాన గుమాస్తా, కాన్పుల్లో తొలిచూలు, ఇంట్లో పెద్ద. ఒకదాని చోట ఇంకొకటి పెడితే జనం నవ్వుతారు. ఎక్కడ ఏది పడాలో నాకు చూడగానే తెలిసిపోయేది.

అలాంటి రోజుల్లో బాహూరు చెరువు కింది ఒక కాలువ తాలూకు నీటి రిజిస్టర్ నా బల్ల మీదికి వచ్చింది. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు అన్నది రాసిన పుస్తకం అది. అందులో వి. సుబ్బరాయ రెడ్డియారు కుటుంబాన్ని ‘కాలువకు మొదటి ఇల్లు’ అన్నారు. నేను తడుముకోకుండా ‘నీటిపై మొదటి హక్కు గలవారు’ అని ఇంగ్లీషులోకి దించేశాను. సంతకం పెట్టే ముందు తర్జుమాను సంబంధించినవాళ్లకు చదివి వినిపించి ఒప్పించుకోవాలి. అటెస్టేషన్ అంటే అదే. ఇంత తేలిక మాటకు ఆయన్ని బాహూరు నుంచి రప్పించడమెందుకని, వినిపించకుండానే సంతకం పెట్టేశాను. దాని తమిళ ప్రతిని ఊళ్లో నోటీసుగా అంటించారు.

వారం తిరక్కుండా రెడ్డియారే వచ్చారు. డెబ్బై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా ఆరిన బురద. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ తెలుగు చదవలేరు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఏంది నాయనా, ఇట్ట రాసినావు? మేము యాడన్నా ముందు నీళ్లు పెట్టుకున్నామా?”

“మొదటి ఇల్లు అని ఉంది కదా, పెద్దాయనా.”

“వాయికాల్లో పూడిక తీసేదానికి ముందు పార పట్టేది మా ఇల్లు. అందరి మళ్లూ తడిసినాక నీళ్లు పెట్టుకునేది మా ఇల్లు. అందుకే మొదటి ఇల్లు అంటారు.”

వాయికాలంటే వాళ్ల వాడుకలో కాలువే. నోటీసు చూసిన కింది పొలాలవాళ్లు, ముందు నీళ్లు ఆయనకైతే పూడిక కూడా ఆయన్నే తీసుకోనీ అని పారలు మూలన పడేశారట. నాలుగు రోజులుగా కాలువలో ఆయన, ఆయన కొడుకు ఇద్దరే తవ్వుతున్నారు. చివరి నారుమళ్లు అప్పుడే నెర్రెలిచ్చాయి. ఇంకో వారం నీళ్లు అందకపోతే అక్కడ ఆ ఏటికి నాట్లు లేనట్టే. నాకు తల కొట్టేసినట్టయింది.

సంతకం పెట్టిన తర్జుమా తప్పని ఒప్పుకోవడం మా వృత్తిలో చిన్న విషయం కాదు. పైగా నాది ఇంకా తాత్కాలిక ఉద్యోగం. అయినా ఆ మధ్యాహ్నమే అధికారి ముందు నిలబడి, వినిపించకుండా సంతకం పెట్టానని చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి వివరణ రాసిమ్మన్నారు. అది నా సర్వీసు ఫైల్లోకి వెళ్లింది. తర్వాత, ఆ ఇంటికి ఇంగ్లీషులో ఏ మాట పెడతావని అడిగారు. ఒక్క మాట చాలదని చెప్పి, ముందు పార పట్టి ఆఖరున నీళ్లు పెట్టుకునే ఇల్లు అని వాక్యమంతా రాసిచ్చాను.

మర్నాడే బాహూరు బస్సెక్కాను. కాలువ కింది రైతులందరినీ కూర్చోబెట్టి కొత్త ప్రతిని తమిళంలో చదివాను, రెడ్డియారు కోసం మళ్లీ తెలుగులో చెప్పాను. నా తప్పేమిటో కూడా చెప్పాను. వేలిముద్రలకు రిజిస్టర్ వరసలో ముందు ఆయన పేరే పిలిచాను. ఆయన రెండడుగులు వెనక్కి జరిగారు.

“వాళ్లవి ముందు కానీ, నాయనా.”

మిగతా పదకొండు మందివీ పడ్డాక ఆయన వేలిముద్ర పడింది. వేలి సిరా పంచెకు తుడుచుకుని, పార భుజానేసుకుని, అందరికంటే ముందు కాలువ వైపు నడిచారు. ఒక్కొక్కరే లేచి ఆయన వెనకే వెళ్లారు.

కొన్నేళ్లకు నేనూ ఆ ఆఫీసులో ప్రధాన అనువాదకుణ్నయ్యాను. ఏ కాగితంలో ‘మొదటి’ కనబడినా, దేనికి మొదటి అని ఆ మనిషిని అడగకుండా కలం కదపలేదు. పండగలకు ఎవరికి ముందు సెలవు అన్న జాబితాలో మాత్రం నా పేరు ఆఖరున రాసుకునేవాణ్ని.