నన్నే సాహెబ్ మైకు

చీరల సేల్ అయినా, బర్రె తప్పిపోయినా, ఎవరైనా కాలం చేసినా మా ఊళ్లో ఆటోకి మైకు కట్టుకుని తిరిగేది నన్నే సాహెబే. అరవై దాటినా కంచు గొంతు. నేనేమో ఇక్కడి సబ్‌సెంటర్లో ఏఎన్‌ఎంని. పదకొండేళ్లుగా ఇంటింటికీ తిరిగి జ్వరాల గురించి చెబుతున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అదే మాట ఆయన మైకులో చెబితే ఊరంతా చెవులు రిక్కిస్తుంది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

రెండేళ్ల క్రితం చీమకుర్తి క్వారీల గుంతల్లో వాననీళ్లు నిలిచి మా వైపు మలేరియా కేసులు బయటపడ్డాయి. ప్రభుత్వం ప్రచారానికి సాహెబ్ ఆటోనే పెట్టింది. మందు పట్టించిన దోమతెరలు ఇంటికొకటి పంపింది. ఆఫీసువాళ్లు రాసిచ్చిన కాగితంలో సాహెబ్ కళ్లజోడు సర్దుకుని రెండు వాక్యాలు చదివి ఆపేశాడు.

"నీటి నిల్వలను తొలగించండి అంటే ఎట్టా మేడమ్? నాలుగు రోజులకోసారి కుళాయి వచ్చే ఊళ్లో నీళ్లు పారబొయ్యమంటే, నన్నూ ఆటోనీ కలిపి ఆ నీళ్లల్లోనే ముంచుతారు."

కాగితం జేబులో కుక్కి సొంత మాటలు అందుకున్నాడు. "డ్రమ్ములకి పాత పంచెగుడ్డ కట్టండి! కుళాయి వచ్చిన రోజు తొట్టి తోమి, ఆరబెట్టి, అప్పుడు పట్టండి నీళ్లు! రోజు విడిచి రోజు వణికించే జ్వరమొస్తే సొంత వైద్యాలు మాని రక్తం చూపించుకోండి!"

నిజం చెప్పొద్దూ, ఆ వారంలోనే డ్రమ్ములన్నిటికీ గుడ్డలొచ్చాయి. నేనూ తెరలు పంచేసి, రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకుని, పనైపోయిందనుకున్నాను. ఎవరింట్లో కట్టారో ఒక్క గుమ్మం తొక్కి చూడలేదు. ఆ తప్పు నాదే.

ఆ తెరలు ఎక్కడున్నాయో మిరప నార్లు పోశాక తెలిసింది. మా రైతులు మిరపనారుని పసిబిడ్డలా సాకుతారు. పురుగు సోకకుండా మడి మీద సన్న వల కప్పడం మామూలే. సర్కారు తెర ఇంకా సన్నం, పైగా మందు పట్టించింది. ఇంకేం, మళ్ల మీద పరిచేశారు.

రోడ్డు పక్కనే హనుమాయమ్మ నారుమడి. మొగుడు పోయాక మూడెకరాల మిరప ఒంటిచేత్తో నడిపిన మనిషి. కొడుకు కోటేష్ క్వారీ లారీ తోలతాడు. కోడలు జ్యోతిర్మయికి ఏడో నెల.

సాహెబ్ ఆటో ఆపి మైకులోనే అరిచాడు. "హనుమాయక్కా, ఆ తెర కింద పడుకోవాల్సింది నీ కోడలు కదా!"

"నా కోడలికి ఫ్యానుంది సాయిబూ! నారుకి కూడా ఫ్యాను పెట్టమంటావా?"

కలుపు తీసేవాళ్లంతా పగలబడి నవ్వారు. సాహెబ్ కూడా నవ్వేసి, కోడలు కనబడదేమని అడిగాడు.

"ఒట్టి మనిషి కాదు కదా, నీరసం. మొన్న వణికింది. నిన్న లేచి వంట చేసింది. ఇవాళ మళ్లీ దుప్పటి కప్పుకుంది."

సాహెబ్ నవ్వు ఆగిపోయింది. నెలరోజులుగా తాను ఊరందరికీ అరిచి చెబుతున్న జ్వరం అదే. మైకు ఆపేసి నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి జ్యోతిర్మయి పెదాలు పాలిపోయి ఉన్నాయి. వేలి మీద సూది గుచ్చి పరీక్ష చేస్తే మలేరియా అని తేలింది. కడుపుతో ఉన్న మనిషికి ఆ జ్వరమంటే రెండు ప్రాణాలు.

సాహెబ్ ఆటోలోనే ఒంగోలు తీసుకెళ్లాం. దారి పొడుగునా హనుమాయమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఇద్దరిలో ఎవరూ దక్కేవారు కాదన్నారు డాక్టరుగారు. ఆరు రోజులకి జ్వరం దిగింది, బిడ్డ కదలిక బాగుంది, ఇంటికి పంపారు.

మర్నాడు పొద్దున హనుమాయమ్మ నడిరోడ్డు మీద ఆటోకి అడ్డం నిలబడింది. "ఆ మైకు ఇటివ్వు తమ్ముడూ."

సాహెబ్ ఆటో ఆపి మైకు ఆమె చేతికిచ్చాడు.

"నేను హనుమాయమ్మని. సర్కారు ఇచ్చిన తెర నారుకి కప్పాను. నారు నవనవలాడతా ఉంది, వచ్చి చూసుకోండి, ఒక్క పురుగు ముట్టలేదు. నా కోడల్ని దోమలకి వదిలేశాను. నారు పోతే మళ్లీ పోసుకుంటాం. మనిషి పోతే?" కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ అందుకుంది. "మీ ఇళ్లల్లో తెర లేకుండా ఎవరు పడుకుంటున్నారో పోయి చూసుకోండి."

ఆ సాయంత్రం నేను గుమ్మం గుమ్మం తొక్కాను. తొమ్మిది ఇళ్ల దండేల మీద, మట్టి వదిలేలా ఉతికిన దోమతెరలు ఆరుతున్నాయి.